అహమ్మదాబాదు ఎండ

పిల్లలూ! ఈ నెల మనం గుజరాతులోని అహమ్మదాబాదు పట్నం చూచివద్దాం. ఆ ఊరు చూడటానికి ఏ కాలం మంచిదని అడిగితే ఎవరైనా డిసెంబరో, జనవరో అంటారు. మనం మాత్రం కావాలనే నడి మే నెలలో పోదాం. కట్టడాలను ఎప్పుడైనా చూడవచ్చు. కాని ఆ ఊళ్ళో ఎండను ఎలా లెక్కగట్టారో, ఆ లెక్క పసిబిడ్డల పాలిట ఎలా అక్కరకు వచ్చిందో తెలియాలంటే ఎండలోనే తిరగాలి. తలకు తువాలు చుట్టుకోండి. మంచినీళ్ళ సీసా మరిచిపోకండి.

బెజవాడలోగాని, వరంగల్లులోగాని నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కామంటే మర్నాడు అహమ్మదాబాదులో దిగుతాం. గాంధీజీ నడిపిన పత్రిక పేరు కూడా నవజీవనే. సబర్మతీ నది ఒడ్డున ఆయన ఆశ్రమం 1917 లో వెలిసింది. 1930 మార్చి 12 న ఉప్పు తీయటానికి దండికి నడక సాగించింది అక్కడినుంచే. ఆ సంగతులన్నీ మీ పాఠ్యపుస్తకాలలో ఉన్నాయి కనుక ఇక్కడ మళ్ళీ చెప్పను.

స్టేషను ఉన్న పేటను కాలూపూర్ అంటారు. బయట అడుగు పెట్టామో లేదో, మండే పొయ్యికి ఎదురుగా నిలబడినట్టు ముఖానికి వేడిగాలి కొడుతుంది. మనం వడగాడ్పు అనేదాన్ని అక్కడివాళ్ళు "లూ" అంటారు. అది ఎడారుల మీదుగా వచ్చే గాలి. అందులో తడి అన్నది ఉండదు. చెమట పట్టీపట్టకముందే ఆరిపోతుంది. అందుచేత ఒంట్లోనుంచి ఎంత నీరు పోయిందో మనకే తెలియదు. దప్పిక కాకపోయినా మధ్య మధ్య నీళ్ళు తాగుతూ ఉండాలి సుమా!

స్టేషనుకు దగ్గరలోనే పాతపట్నం. సుల్తాను అహమ్మద్ షా 1411 లో దాన్ని నిర్మించాడు. 2017 లో యునెస్కోవారు దాన్ని ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించారు. మన దేశంలో ఆ గౌరవం మొదట దక్కింది ఈ ఊరికే. పాతపట్నంలోని వాడలను "పోళ్" లంటారు. ఒక్కొక్క పోళ్‌కు ఒక పెద్ద వాకిలి. లోపల సన్నని వంకరటింకర సందులు. కొన్నిచోట్ల మీరు రెండు చేతులూ చాచారంటే అటు గోడా, ఇటు గోడా అందుతాయి. "ఇంత ఇరుకా!" అనుకోకండి. ఆ ఇరుకే అక్కడి గొడుగు. ఇళ్ళు ఒకదాని నొకటి ఆనుకొని ఉండటంవల్ల పక్కగోడల మీద ఎండే పడదు. సందు సన్నం కనుక నట్టమధ్యాహ్నం కాసేపు తప్పితే నేలమీదా పడదు.

తలుపు తీసి లోపలికి పోతే ఇంటి నడుమ ఆకాశం కనబడే ఖాళీ చోటు ఒకటి ఉంటుంది. దాన్ని చౌక్ అంటారు. మన కోస్తా ఊళ్ళలో మండువా ఇళ్ళు చూచినవారికి దీన్ని వేరే వర్ణించి చెప్పనక్కరలేదు. ఇంట్లోని వేడిగాలి తేలిక గనుక ఆ చౌక్‌లోనుంచి పైకి పోతుంది. దాని స్థానంలోకి నీడపట్టు సందులోనుంచి చల్లగాలి వస్తుంది. పాత ఇళ్ళలో ఆ చౌక్ కిందనే నేలలో "టాంకా" అనే రాతితొట్టి ఉండేది. వానాకాలంలో డాబామీద పడ్డ నీటిని అందులోకి దింపి, ఏడాది పొడుగునా తాగేవాళ్ళు. వీధి మధ్య అందమైన స్తంభంమీద చిన్న మండపంలాంటిది కనబడితే అది మనుష్యులకు కాదు. పక్షులకు గింజలూ, నీళ్ళూ పెట్టే చోటు. దాన్ని చబూత్రో అంటారు. ఎండాకాలంలో పిట్టకు దాహమవుతుందని కూడా ఆలోచించిన ఊరన్నమాట!

ఊరికి ఉత్తరంగా కొంతదూరం పోతే అడాలజ్ అనే గ్రామం వస్తుంది. అక్కడ 1499 లో రాణీ రూడాబాయి పూర్తిచేయించిన మెట్లబావి ఉన్నది. ఐదంతస్తుల మేడను నేలలోకి దించి కట్టినట్టు ఉంటుందది. పైన నిలబడితే పాదరక్షలున్నా కాళ్ళు కాలుతాయి. మెట్లు దిగుతున్నకొద్దీ ఎండ పలచబడుతుంది, రాళ్ళు చల్లబడతాయి, మనుష్యుల మాటలు కూడా నెమ్మదిస్తాయి. అడుగుకు చేరేసరికి వేరే ఊరికి వచ్చినట్టుంటుంది. పైనా ఒకటే సూర్యుడు, కిందా ఒకటే సూర్యుడు. కాని పై మెట్టుమీద కూర్చున్నవాడి ఎండ వేరు, కింది మెట్టుమీద కూర్చున్నవాడి ఎండ వేరు. ఈ మాట గుర్తుంచుకోండి. దీనితో ముందు పనివున్నది.

ఇంత తెలివిగా ఇళ్ళు కట్టుకొన్న ఊళ్ళో ఎండకు మనుష్యులు చనిపోవటం ఏమిటని మీరు అడగవచ్చు. అందుకు జవాబు పాతకోట గోడలకు వెలుపల ఉన్నది. అహమ్మదాబాదులో మొదటి నూలుమిల్లు 1861 లో నడిచింది. తరువాత మిల్లులు పదులకొద్దీ పెరిగాయి. వాటిలో పనికి ఎక్కడెక్కడినుంచో జనం వచ్చారు. ఆ పనివాళ్ళకు చౌక్ ఉన్న ఇల్లు ఎవరు కట్టిస్తారు? చోటు దొరికినచోట నాలుగు గోడలు లేపి పైన రేకు పరిచారు. 1980, 1990 లలో మిల్లులు చాలావరకు మూతపడ్డాయి. రేకుల గదులు మాత్రం మిగిలాయి. ఇప్పుడు అక్కడ కూలిపని చేసుకొనేవారూ, బండిమీద కూరగాయలు అమ్ముకొనేవారూ, ఇంట్లోనే కూర్చుని బట్టలు కుట్టే ఆడవాళ్ళూ కాపురముంటున్నారు. రేకు సన్నగా ఉంటుంది కనుక ఎండ రాగానే కాగుతుంది, ఆ కాక నేరుగా గదిలోకి దిగుతుంది. ఒక్కటే గది, ఒక్కటే తలుపు. వంట కూడా అందులోనే.

ఇక అసలు సంగతికి వస్తాను. 2010 మే నెలలో అహమ్మదాబాదులో ఎండలు విపరీతంగా కాశాయి. 21 వ తేదీన థర్మామీటరు 46.8 డిగ్రీల సెంటిగ్రేడు చూపించింది. ఆస్పత్రులు నిండిపోయాయి. కాని "వడదెబ్బవల్ల మరణం" అని కాగితంమీద ఎక్కినవి చాలా కొద్ది. కారణమేమిటంటే, ముసలాయన ఎండలో నడిచి వచ్చి గుండె ఆగి చనిపోతే రిజిస్టరులో గుండెజబ్బని వ్రాస్తారు. మూత్రపిండాలు చెడితే ఆ జబ్బు పేరే వ్రాస్తారు. ఎండ పేరు ఎక్కడా ఎక్కదు. దొంగతనం జరిగింది, దొంగ పేరు మాత్రం ఫిర్యాదులో లేదు!

గాంధీనగరులోని ప్రజారోగ్య సంస్థవారూ, మరికొందరు పండితులూ కలసి ఆ దొంగను పట్టటానికి ఒక సులువైన ఉపాయం పన్నారు. ఎవరు దేనివల్ల పోయారని వాళ్ళు అడగలేదు. ఆ మే నెలలో ఊరుమొత్తంమీద ఎందరు పోయారని మాత్రం మునిసిపాలిటీ పుస్తకాలు చూచి లెక్కవేశారు. 4,462 మంది అని తేలింది. అంతకు ముందు సంవత్సరమూ, తరువాతి సంవత్సరమూ అవే రోజులలో ఎందరు పోయారో చూచి సగటు కట్టారు. తీసివేశారు. 1,344 మంది ఎక్కువ! అంటే మామూలుగా నూరుమంది పోవలసిన చోట నూటనలభైముగ్గురు పోయారన్నమాట. మూడో తరగతి తీసివేత లెక్కే. కాని అది వేసేదాకా ఇంతమందిని ఎండ తీసుకుపోయిందని ఆ ఊరికే తెలియదు.

ఇప్పుడు పసిబిడ్డల సంగతి చెబుతాను. అహమ్మదాబాదులోనే ఎయిర్ కండిషనింగు లేని ఒక ఆస్పత్రి ఉన్నది. అక్కడ పుట్టిన బిడ్డలలో ఎవరికైనా ఒంట్లో బాగుండకపోతే ప్రత్యేకమైన వార్డులో పెట్టి చూస్తారు. 2010 ఏప్రిల్, మే, జూన్ నెలలలో వేడివల్ల జబ్బుపడి ఆ వార్డుకు వచ్చిన పసిగుడ్డులు 24 మంది. 2009 లో అవే నెలలలో 8 మంది, 2011 లో 4 గురు. డాక్టర్లు రోజువారీ ఎండ లెక్కను ఈ లెక్క పక్కన పెట్టి చూచారు. 42 డిగ్రీలు దాటిన తరువాత ఒక్కొక్క డిగ్రీ పెరిగినప్పుడల్లా ఇలా జబ్బుపడే బిడ్డల సంఖ్య 43 శాతం చొప్పున పెరుగుతున్నది!

ఇందులో ఇంకొక చిత్రం ఉన్నది. ఆ ఆస్పత్రిలో కాన్పుల వార్డు మొదట పై అంతస్తులో ఉండేది. 2010 ఎండల తరువాత దాన్ని కింది అంతస్తుకు మార్చారు.   మంచాలను మెట్లు దించారు, అంతే. మార్చిన తరువాత వేడివల్ల జబ్బుపడే బిడ్డలు 64 శాతం తగ్గారని లెక్కలో తేలింది. ఏ ఏడు ఎండ ఎక్కువ, ఏ ఏడు తక్కువ అన్న తేడాను తీసివేసి చూచినా సరే, అంతస్తు మార్చిన ఫలితం కనబడుతూనే ఉన్నది. 24, 8, 4 చిన్న అంకెలే. చిన్న అంకెలను బట్టి సరిగ్గా 64 అని గట్టిగా చెప్పలేము. అది అంతకంటె ఎక్కువా కావచ్చు, బాగా తక్కువా కావచ్చు. ఆ లెక్క వేసినవారు కూడా ఆ మాటే వ్రాశారు. కాని కింది అంతస్తు మేలు చేసిందన్న మాటలో సందేహం అక్కరలేదనే నాకు తోస్తున్నది. అడాలజ్ మెట్లబావిని మీరు చూచారు కదా!

పెద్దవాళ్ళకంటె పిల్లలకు ఎండ ఎందుకు ఎక్కువ తగులుతుంది? ఒక పెద్ద ఇడ్లీ, ఒక చిన్న ఇడ్లీ పక్కపక్కన పెట్టి చూడండి. చిన్నది ముందు చల్లారుతుంది. మళ్ళీ ఆవిరిలో పెడితే ముందు వేడెక్కేదీ అదే. చిన్న వస్తువుకు బరువు తక్కువ, ఆ బరువుతో పోలిస్తే పైచర్మం ఎక్కువ. పిల్లల శరీరమూ అంతే. బయటి వేడిని తొందరగా పీల్చుకొంటుంది. పైగా చెమటపోసి చల్లబడే శక్తి మీకు పెద్దలకున్నంత లేదు. ఆటలో పడితే దాహమన్న సంగతే మరిచిపోతారు. నేలకు దగ్గరగా ఉన్న గాలి మరీ వేడిగా ఉంటుంది. మీ ముఖాలు పెద్దవాళ్ళ ముఖాలకంటె నేలకు దగ్గర. పుట్టి నాలుగురోజులైన పాపాయి సంగతి చెప్పనే అక్కరలేదు. ఉక్కపోస్తున్నదని చెప్పలేదు, పక్కకు జరగలేదు, కప్పిన దుప్పటి తోసుకోలేదు.

అమ్మలు ఈ వాక్యం చదివితే మంచిది: చలికాలంలో బిడ్డను చుట్టబెట్టి పడుకోబెట్టటం ఎంత అవసరమో, రోహిణీకార్తెలో అలా చుట్టబెట్టటం అంత ప్రమాదం. ఆరు నెలల లోపు బిడ్డకు విడిగా నీళ్ళు పట్టనక్కరలేదు. తల్లిపాలలోనే ఆ నీళ్ళున్నాయి. మాటిమాటికి పాలివ్వటమే మందు. ఎండకు తల్లి తాగవలసిన నీళ్ళు మాత్రం తల్లి తాగితీరాలి.

ఇప్పటికి మన దగ్గర మూడు సంగతులు పోగయ్యాయి. ఎండ ఎంత? ఆ ఎండ తగిలే చోట ఉన్నది ఎవరు? వాళ్ళకు తట్టుకొనే శక్తి ఎంత? ఈ మూడూ కలిస్తేనే ఆపద. వీటిని కూడితే చాలదు, హెచ్చవేయాలి. మాటవరసకు ఎండకు 5 మార్కులు, రేకుల కింద ఉన్నందుకు 4 మార్కులు, పసిబిడ్డ అయినందుకు 3 మార్కులు వేద్దాం. ఐదు నాళ్ళు ఇరవై, ఇరవై మూళ్ళు అరవై. ఇప్పుడు బిడ్డను కింది అంతస్తుకు దించి, 4 ను 1 చేశాం. ఐదు ఒకట్లు ఐదు, ఐదు మూళ్ళు పదిహేను. సూర్యుణ్ణి మనం ముట్టుకోలేదు. బిడ్డ వయసు మారలేదు. మధ్య అంకె ఒక్కటి మార్చేసరికి అరవై కాస్తా పదిహేనయింది. ఆస్పత్రిలో జరిగింది ఇదే.

ఆ మధ్య అంకె ఎక్కడెక్కడ పెద్దదిగా ఉన్నదో తెలియాలంటే ఇంటింటికీ పోయి చూడాలి. పండితులు అలాగే పోయారు. అహమ్మదాబాదు పేదవాడలలో 300 ఇళ్ళ తలుపులు తట్టి అడిగారు. మీరు చేసే పని ఎండలోనా, నీడలోనా? తాగునీళ్ళు ఇంట్లోకే వస్తాయా, దూరంనుంచి మోసుకురావాలా? పోయిన వేసవిలో మీ ఇంట్లో ఎవరికైనా కళ్ళు తిరిగాయా? దగ్గరలో డాక్టరున్నాడా? ప్రశ్నలు చాలా మామూలువి. కాని ఢిల్లీలో కూర్చుని ఎవరూ వీటికి జవాబు చెప్పలేరు.

వీటన్నిటినీ పెట్టుకొని 2013 లో అహమ్మదాబాదు మునిసిపల్ కార్పొరేషనువారు ఎండకు ఒక ప్రణాళిక వ్రాశారు. దక్షిణాసియా మొత్తంమీద అటువంటిది అదే మొదటిది. రాబోయే రోజులలో ఎండ ఎలా ఉంటుందో ముందుగానే తెలుసుకొంటారు. మొదట్లో ఈ జోస్యం అమెరికాలోని జార్జియా టెక్ విద్యాలయంవారు చెప్పేవారు. తరువాత మన వాతావరణ శాఖవారే చెబుతున్నారు. 41 డిగ్రీలు దాటుతుందంటే పసుపు రంగు. 43 దాటుతుందంటే నారింజ రంగు. 45 చేరుతుందంటే ఎరుపు. రంగును బట్టి ఎవరి పని వారికి ముందే పంచిపెట్టి ఉన్నది. ఆస్పత్రులవారు మంచుగడ్డలూ, సెలైను సీసాలూ సిద్ధం చేసుకోవాలి. తోటలవారు గేట్లు తీసి ఉంచాలి. చలివేంద్రాలు తెరవాలి. వాడవాడలా తిరిగే ఆరోగ్య కార్యకర్తలు బాలింతలూ, ముసలివాళ్ళూ ఉన్న ఇళ్ళకు పోయి చెప్పాలి. సెల్ ఫోనులకు కబురు పోవాలి. ఆ ఊరివాళ్ళకు మజ్జిగ తాగమని వేరే చెప్పనక్కరలేదనుకోండి. దాన్ని ఛాశ్ అంటారు, భోజనంతోబాటు అది ఉండవలసిందే. పచ్చిమామిడికాయను ఉడకబెట్టి, గుజ్జు తీసి, బెల్లమూ జీలకర్రా కలిపి పానకం కూడా చేస్తారు. బహు రుచిగా ఉంటుంది.

"41, 43, 45 అన్న అంకెలు బాగున్నాయే, మన ఊరికీ ఇవే పెట్టుకొందాం" అనుకొంటున్నారా? అక్కడే పొరపాటు వస్తుంది. అవి అహమ్మదాబాదులో పొడి ఎండను బట్టి, అహమ్మదాబాదు మునిసిపాలిటీ పుస్తకాలను చూచి తీసిన అంకెలు. మన బందరులో గాలి నిండా సముద్రపు తడి ఉంటుంది. తడిగాలిలో చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. కావలిస్తే ఈ తమాషా చేసి చూడండి. రెండు ముంజేతులూ తడిపి, ఒకదాన్ని గాలి ఆడేచోట పెట్టండి. రెండోదాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. ఏది చల్లబడిందో మీకే తెలుస్తుంది. బందరులో మనమంతా సంచిలో చెయ్యి పెట్టినవాళ్ళమే! అందుకనే వాతావరణ శాఖవారు మైదానపు ఊళ్ళలో వడగాడ్పు అనాలంటే ఎండ కనీసం 40 డిగ్రీలైనా ఉండాలని పెట్టి, సముద్రతీరపు ఊళ్ళకు 37 అని పెట్టారు. ఆ రోజుకు ఉండవలసినదానికంటె బాగా ఎక్కువగా కూడా ఉండాలనుకోండి. రామగుండానికి ఒక అంకె కావాలి, కాకినాడకు ఇంకొకటి కావాలి.

అహమ్మదాబాదులో రేకుల ఇళ్ళ సంగతి ఏమయిందని అడుగుతారు. అందరికీ చౌక్ ఉన్న ఇళ్ళు కట్టించటం ఒక్క ఏడాదిలో అయ్యే పని కాదు. కాని సున్నం చవక. 2017 లో పేదవాడలలో సుమారు మూడు వేల ఇళ్ళ పైకప్పులకు తెల్లసున్నం పూయించే పని మొదలుపెట్టారు. మహిళా హౌసింగ్ ట్రస్టు అనే సంస్థ తరఫున ఆడవాళ్ళు కూడా వాడలలో ఇటువంటి పని చేస్తున్నారు. తెల్లరంగు వెలుతురును వెనక్కు కొట్టివేస్తుంది, నల్లరంగు మింగేస్తుంది. ఒకేరకం డబ్బాలు రెండు తెచ్చి, ఒకదానికి తెల్లరంగు, ఒకదానికి నల్లరంగు పూసి, నీళ్ళు పోసి ఎండలో గంటసేపు ఉంచి, వేలు పెట్టి చూడండి. మన తెలంగాణా ప్రభుత్వంవారు కూడా ఇళ్ళకు చల్లని కప్పులు వేయించాలని 2023 లో ఒక విధానం ప్రకటించారు.

ఇంత చేసినందుకు ఫలితం కనబడిందా? 2014, 2015 సంవత్సరాల మరణాల లెక్కలు చూచి, ప్రణాళికకు ముందటి లెక్కలతో పోల్చారు. ఏడాదికి సగటున 1,190 మంది ప్రాణాలు దక్కి ఉంటాయని అంచనా కట్టారు. పోకుండా ఉన్నవారిని పేరుపేరునా లెక్కపెట్టటం ఎవరివల్లా కాదు. అందుచేత దీన్ని అంచనా అనే అనాలి. 2016 మే 20 న ఆ ఊళ్ళో ఎండ 48 డిగ్రీలు చేరింది. 2010 కంటె డిగ్రీకి పైగా ఎక్కువ. ఈసారి మాత్రం ఊరు దానికోసం కాచుకొని ఉన్నది.

ఈ లెక్కలో ఒక లోపం కూడా ఉన్నది. పత్రికలలో వచ్చే ఎండ అంకె విమానాశ్రయం దగ్గర, తెల్లరంగు వేసిన చెక్కపెట్టెలో, నీడలో, నాలుగడుగులకు పైన వేలాడదీసిన థర్మామీటరు చెప్పే అంకె. గాలి ఆడటానికి ఆ పెట్టెకు నాలుగువైపులా సందులుంటాయి. అటువంటి పెట్టెలో కాపురముండే పాపాయి ఎవరూ లేరు! రేకుల గదిలో ఆ వేళకు ఎంత ఉన్నదో ఆ పెట్టెకు తెలియదు. రాత్రి పదిగంటలకు బయట కాస్త చల్లబడ్డా, పగలల్లా కాగిన గది ఇంకా ఆవిరులు కక్కుతూనే ఉంటుంది. ఒంటికి కోలుకొనే వ్యవధి ఉండదు.

2021 లో యూనిసెఫ్‌వారు లోకంలోని చాలా దేశాలకు ఇటువంటి పట్టికే ఒకటి తయారుచేశారు. వరదలు, తుఫానులు, ఎండలు, చెడుగాలి మొదలైనవాటివల్ల ఏ దేశంలో పిల్లలకు ఎంత ఆపదో మార్కులు వేశారు. ఆపద మరీ ఎక్కువగా ఉన్న దేశాలు 33 అని తేల్చారు. వాటిలో మన దేశమూ ఉన్నది. ఆ 33 దేశాలలో ఉన్న పిల్లలు సుమారు నూరు కోట్లమంది. పెద్ద పటం వేసినందుకు వారిని మెచ్చుకోవాలి. ఏ దేశానికి ముందు సాయం చేయాలో దానివల్ల తెలుస్తుంది. కాని ఆస్పత్రిలో కాన్పుల వార్డు ఏ అంతస్తులో ఉన్నదో ఆ పటంలో కనబడదు. అది చూడటానికి ఆ మెట్లెక్కినవాళ్ళే కావాలి.

మన తెలుగునాట ఎండల సంగతి మీకు తెలియనిది కాదు. 2015 మే నెలలో దేశంలో వడగాడ్పులకు రెండు వేలమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆంధ్రులూ, తెలంగాణావారూ. ఆ తరువాత రెండు రాష్ట్రాలవారూ వేసవి ప్రణాళికలు వ్రాసుకొన్నారు. ఒంటిపూట బడులు మాత్రం మనకు పాత అలవాటే. మార్చి నడిమికి రాగానే పొద్దున్నే బడి, మధ్యాహ్నానికి ఇల్లు. బడిగంట మారిందంటే మీరు హాయిగా కేరింతలు కొడతారు. కాని ఇంకొక లెక్క ఉన్నది. పన్నెండున్నరకు బడి వదిలితే, రెండు మైళ్ళు నడిచి ఇంటికి పోయే పిల్లవాడు నట్టెండలో నడుస్తున్నాడు. వాడు పోయి పడుకొనేది రేకుల గదిలో అయితే, పెంకుటి బడిలోనే సాయంత్రందాకా ఉండటం వాడికి మేలేమో! ఊరూరికీ ఈ జవాబు మారుతుంది. ఎవరూ కొలవకుండా చెప్పగలిగింది కాదు.

కొలవటం మీ చేతిలో పనే. గోడకు తగిలించే థర్మామీటరు ఒకటి బజారులో కొద్ది డబ్బుకే దొరుకుతుంది. నలుగురూ కలిసి కొనుక్కోండి. మార్చి నెలనుంచే మొదలుపెట్టండి. ఎండ నేరుగా తగలకుండా, గోడకు ఆనకుండా, మీ నడుమంత ఎత్తున దారంతో వేలాడదీయండి. పదినిముషాలు ఆగి అంకె వ్రాసుకోండి. మీ బడిలో ప్రతి గదిలోనూ ఒకే రోజు, ఒకే వేళకు కొలవలేరు కనుక, ఒక్కొక్క రోజు ఒక్కొక్క గదిలో పదకొండున్నరకు కొలవండి. రోజురోజుకూ ఎండ మారుతుంది కాబట్టి, వరండాలో ఒకచోట మాత్రం ప్రతి రోజూ కొలిచి, ఆ అంకెతో గది అంకెను పోల్చుకోవాలి. తరువాత మీ వీధిలో ఒక రేకుల ఇల్లు, ఒక డాబా ఇల్లు, ఒక పెంకుటిల్లు, ఒక తాటాకు ఇల్లు ఎంచుకోండి. ఇంటివారి నడిగి రాత్రి ఎనిమిది గంటలకు కొలవండి. మధ్యాహ్నం ఎండలో మాత్రం దీనికోసం తిరగవద్దు.

పెద్ద కాగితంమీద బడి పటం గీయండి. అన్నిటికంటె వేడిగా ఉన్న గదికి ఎర్రరంగు, దాని తరువాతిదానికి నారింజ, చల్లనిదానికి పచ్చ వేయండి. మంచినీళ్ళ కుండ ఎక్కడున్నదో, చెట్టునీడ ఏ వేళకు ఎక్కడిదాకా వస్తుందో గుర్తుపెట్టండి. ప్రతి గదిలోనూ ఏ తరగతి కూర్చుంటున్నదో, అందరికంటె చిన్నవాళ్ళయిన ఒకటో తరగతివారు ఏ గదిలో ఉన్నారో కూడా వ్రాయండి. వాళ్ళ గదికి పడిన రంగు ఎరుపైతే, ఆ కాగితం తీసుకొని మర్నాడు పొద్దున్నే హెడ్మాస్టరుగారి దగ్గరకు వెళ్ళండి.